ఘర్షణ గుణకాన్ని కొలవడం

9.1 పరిచయం

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ గురించి మీరు వినే ఉంటారు. 1947లో దేశవిభజన తరువాత వచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన కాలనీ ఇది. మన మొదటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ పేరును దీనికి పెట్టారు. ఇప్పుడు ఈ పేట సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణకు ప్రసిద్ధి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వచ్చిన విద్యార్థులు ఎందరో ఇక్కడి మేడల్లో గదులు అద్దెకు తీసుకొని చదువుకొంటారు. చదివేవారితో పాటు వారికి వండిపెట్టేవారు, మెట్లు కడిగేవారు, బియ్యం బస్తాలు పై అంతస్తుకు చేర్చేవారు కూడా ఆ మెట్లే ఎక్కి దిగుతారు.

ఆ మెట్లు చాలా చోట్ల నునుపు పట్టిన రాయి. జూలై, ఆగస్టు వానల్లో అవి తడిసి ఉంటాయి. అప్పుడు ఇలాంటి మాటలు వినబడతాయి.

“చెప్పులు నిన్ననే కొన్నాను అక్కా, అయినా జారాయి.”

“చెప్పు కొత్తదైతే ఏం లాభం తమ్ముడూ? మెట్టు చూడు, ఎలా మెరుస్తోందో. పైగా ఇప్పుడే సబ్బునీళ్లతో కడిగారు.”

ఈ మాటల్లో భౌతికశాస్త్రం ఉంది. తమ్ముడు చెప్పు ఒక్కదాన్నే చూశాడు. అక్క మాత్రం చెప్పును, మెట్టును, వాటి మధ్య ఉన్న నీటిని కలిపి చూసింది. ఘర్షణ విషయంలో అక్క చూసిన తీరే సరైనది. అయితే “జారుతుంది” అని చెప్పడంతో మనం ఆగిపోలేము. ఎంత జారుతుందో అంకెలో చెప్పగలగాలి. అప్పుడే ఈ చెప్పు మంచిదా ఆ చెప్పు మంచిదా, ఈ మెట్టు మీద గరుకు పట్టీ వేయించాలా అక్కరలేదా అన్నది తేల్చుకోగలం.

9.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఘర్షణ గుణకం అంటే ఏమిటో చెప్పగలుగుతారు. స్ప్రింగు త్రాసుతో గాని, అది కూడా లేకుండా ఒక పలకతోను కొలబద్దతోను గాని రెండు పదార్థాల మధ్య ఘర్షణ గుణకాన్ని కనుగొనగలుగుతారు. వచ్చిన అంకెను మీ ఇంటి మెట్టుకూ గేటు ముందున్న వాలుకూ అన్వయించి చూడగలుగుతారు.

9.3 ఘర్షణ గుణకం అంటే ఏమిటి?

నేల మీద ఉన్న బియ్యం బస్తాను కొద్దిగా నెట్టండి. కదలదు. ఇంకొంచెం గట్టిగా నెట్టండి. అప్పుడు కూడా కదలకపోవచ్చు. మీరు ఎంత బలంతో నెడితే నేల కూడా అంతే బలంతో ఎదురు నిలుస్తోందన్నమాట. ఇదే స్థైతిక ఘర్షణ. దీనికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటగానే బస్తా కదులుతుంది. కదలబోయే క్షణంలో ఉండే అత్యధిక ఘర్షణను సీమాంత ఘర్షణ అంటారు. బస్తా కదలడం మొదలుపెట్టాక దాన్ని అదే వేగంతో లాగడానికి సాధారణంగా అంత బలం అక్కరలేదు. అప్పుడు ఉండేది జారుడు ఘర్షణ.

బస్తా మీద ఇంకో బస్తా పెడితే నెట్టడానికి రెట్టింపు బలం కావాలి. బస్తా నేలను ఎంతగా నొక్కుతుందో, నేల దాన్ని అంత బలంతో లంబంగా పైకి నెడుతుంది. దీని పేరు అభిలంబ బలం. అభిలంబ బలం రెట్టింపైతే సీమాంత ఘర్షణ కూడా రెట్టింపవుతుంది. అంటే ఈ రెండింటి నిష్పత్తి మారదు. ఆ నిష్పత్తే ఘర్షణ గుణకం.

ఘర్షణ గుణకం = సీమాంత ఘర్షణ ÷ అభిలంబ బలం

దీన్ని గ్రీకు అక్షరం మ్యూతో సూచిస్తారు. బలాన్ని బలంతో భాగిస్తున్నాం కాబట్టి దీనికి ప్రమాణం లేదు. 0.4 అంటే ఉత్త 0.4 మాత్రమే.

ఈ నియమాన్ని 1699లో ఫ్రాన్సు దేశస్థుడు అమాంటన్స్ ప్రకటించాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాల్లో ఇదే విషయం రాసుకొన్నాడు, కాని అవి చాలాకాలం వెలుగు చూడలేదు. తరువాత కూలుంబు విస్తృతంగా ప్రయోగాలు చేశాడు. ఆయన రచనకు 1781లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు బహుమతి లభించింది. విద్యుత్తు పాఠంలో మీకు కనబడే కూలుంబు ఈయనే.

ఇక్కడ ఒక మాట బాగా గుర్తుంచుకోండి. “రబ్బరు ఘర్షణ గుణకం ఎంత?” అనే ప్రశ్నకు అర్థం లేదు. దేని మీద రబ్బరు? తాండూరు నాపరాయి మీదా, కడప బండ మీదా, రాజస్థాన్ నుండి ఢిల్లీకి వచ్చే కోటా రాయి మీదా, పాలరాయి మీదా? ఆ రాయి గరుకుగా ఉందా, మెరుగు పెట్టి ఉందా? పొడిగా ఉందా, తడిగా ఉందా? ఇవన్నీ చెప్పాకే ఆ అంకెకు విలువ ఉంటుంది. కొన్ని పుస్తకాల పట్టికల్లో ఈ వివరాలేవీ లేకుండా అంకెలు మాత్రమే అచ్చు వేస్తారు. అవి లెక్కలు చేయడానికి పనికి వస్తాయి, మీ మెట్టుకు పనికిరావు. మీ మెట్టు సంగతి తెలియాలంటే మీరే కొలవాలి.

పాఠ్యగత ప్రశ్నలు 9.1

1. ఒక పెట్టె మీద ఇంకో అంత బరువు పెట్టారు. సీమాంత ఘర్షణ ఏమవుతుంది? ఘర్షణ గుణకం ఏమవుతుంది?

2. బస్తాను కదిలించడం కష్టం, కదిలాక లాగడం కొంత తేలిక. ఎందుకు?

9.4 మొదటి పద్ధతి: లాగి కొలవడం

దీనికి ఒక స్ప్రింగు త్రాసు కావాలి. పాత పేపర్లు కొనేవారి చేతిలో వేలాడుతూ ఉండే కొక్కెం త్రాసు చాలు.

మెస్సు వంటగదిలో 25 కిలోల బియ్యం బస్తా మొజాయిక్ నేల మీద ఉందనుకోండి. దాని మూతికి తాడు కట్టి, తాడును త్రాసు కొక్కేనికి తగిలించండి. త్రాసును నేలకు సమాంతరంగా పట్టుకొని మెల్లగా లాగండి. ముల్లు జరుగుతూ పోతుంది. బస్తా కదిలిన క్షణంలో ముల్లు ఎక్కడ ఉందో చూడండి. పక్కన ఇంకొకరు ఉండి ముల్లును గమనిస్తే మేలు, ఎందుకంటే బస్తా కదలగానే ముల్లు వెనక్కి వస్తుంది. ముల్లు 10 దగ్గర ఉందనుకొంటే,

ఘర్షణ గుణకం = 10 ÷ 25 = 0.4

త్రాసు మీద ఉన్నవి కిలోలు, బలాన్ని న్యూటన్లలో కదా కొలవాలి అని మీకు సందేహం రావచ్చు. మంచి సందేహమే. న్యూటన్లలోకి మార్చాలంటే రెండు అంకెలనూ 9.8తో గుణించాలి. పైనా కిందా ఒకే అంకె ఉంటే కొట్టివేత అవుతుంది. అందువల్ల మార్చనక్కరలేదు.

ఇంకొంచెం ముందుకు పోదాం. ఓల్డ్ రాజిందర్ నగర్‌కు దగ్గర్లోనే, డాక్టర్ కె.ఎస్. కృష్ణన్ మార్గ్‌లో జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. దేశంలో మీటరు, కిలోగ్రాము, సెకను ప్రమాణాలను కాపాడే సంస్థ అది. కిలోగ్రాము అంతర్జాతీయ నమూనాకు మన దేశానికి ఇచ్చిన ప్రతి, 57వ సంఖ్య గలది, అక్కడే ఉంది. 2019 మే 20 నుండి కిలోగ్రాముకు నిర్వచనం ఒక లోహపు దిమ్మ మీద గాక ప్లాంకు స్థిరాంకం మీద ఆధారపడింది. మీ కిరాణా కొట్టులోని తూకపురాయి సరైనదా కాదా అన్నది చివరకు అలాంటి ప్రమాణాలతో పోల్చి తేల్చవలసిందే. కాని ఘర్షణ గుణకానికి ఆ చింత లేదు. మీ త్రాసు ప్రతి కిలోకూ 50 గ్రాములు ఎక్కువ చూపించే దొంగ త్రాసే అనుకోండి. బస్తాను అదే త్రాసుతో తూచి, అదే త్రాసుతో లాగితే రెండు అంకెలూ ఒకే పాళ్లలో తప్పుతాయి, నిష్పత్తి మాత్రం సరిగ్గానే వస్తుంది. (ముల్లు మొదట సున్నా దగ్గర ఉండాలి. అది మాత్రం చూసుకోండి.)

ఈ పద్ధతిలో ఎక్కువమంది పొరబడేది తాడు దగ్గర. నిలబడి లాగితే తాడు ఏటవాలుగా పైకి ఉంటుంది. అప్పుడు మీరు బస్తాను ముందుకు లాగడమే గాక కొంత పైకి ఎత్తుతున్నారు కూడా. అభిలంబ బలం 25 కిలోల భారం కంటే తగ్గిపోతుంది, లెక్క తప్పుతుంది. కూర్చొని లాగండి.

9.5 రెండో పద్ధతి: పలకను ఎత్తి కొలవడం

త్రాసు కూడా లేకపోతే? అప్పుడు ఇంకా మంచి పద్ధతి ఉంది. ఒక పలక మీద వస్తువును ఉంచి, పలక ఒక చివరను మెల్లగా పైకి ఎత్తండి. కొంత ఎత్తు వరకు వస్తువు కదలదు. ఒక ఎత్తు వద్ద జారడం మొదలవుతుంది. అప్పుడు పలక నేలతో చేసే కోణాన్ని విరామకోణం అంటారు. మీరు కొలవవలసినవి రెండే: పలక ఎత్తిన చివర నేల నుండి ఉన్న ఎత్తు, ఆ చివరకు సరిగ్గా కింద నేల మీద ఉన్న చోటు నుండి పలక నేలను తాకే చోటు వరకు దూరం. ఈ రెండోదాన్ని ఆధారం అందాం.

ఘర్షణ గుణకం = ఎత్తు ÷ ఆధారం

ఇది ఎలా వచ్చిందో చూద్దాం. పలక, ఎత్తు, ఆధారం కలిసి ఒక లంబకోణ త్రిభుజం. పలక మీది వస్తువు భారం నిట్టనిలువుగా కిందికి పని చేస్తుంది. అందులో ఒక భాగం వస్తువును పలక వెంట కిందికి లాగుతుంది, ఇంకో భాగం పలకను నొక్కుతుంది. మొదటి భాగం భారంలో ఎత్తు ÷ పలక పొడవు వంతు. రెండో భాగం భారంలో ఆధారం ÷ పలక పొడవు వంతు. జారబోయే క్షణంలో మొదటిది సీమాంత ఘర్షణకు సమానం, రెండోది అభిలంబ బలానికి సమానం. మొదటి దాన్ని రెండో దానితో భాగిస్తే భారమూ పోతుంది, పలక పొడవూ పోతుంది. ఎత్తు ÷ ఆధారం మిగులుతుంది. త్రికోణమితి చదివినవారు దీన్ని విరామకోణపు టాంజెంటు అంటారు. చదవనివారికి కొలబద్ద చాలు.

భారం కొట్టివేత కావడం వల్ల ఈ పద్ధతిలో దేన్నీ తూచవలసిన పని లేదు. పేదవాడి ప్రయోగశాలకు ఇంతకంటే అనువైన ప్రయోగం భౌతికశాస్త్రంలో అరుదు.

ఇప్పుడు చేసి చూడండి. రాళ్ల దుకాణంలో మిగిలిపోయిన ముక్కలు ఉంటాయి. మీ మెట్టుకు వేసిన రకం రాయి ముక్క, సుమారు 60 సెంటీమీటర్ల పొడవుది, సంపాదించండి. కింది అంచు జరగకుండా గోడకు ఆనించండి. మెరుగు పెట్టిన వైపు పైకి ఉండాలి. మీరు రోజూ వేసుకొనే రబ్బరు చెప్పును దాని మీద పెట్టి, చెప్పు మీద ఒక కిలో ఉప్పు ప్యాకెట్టును దారంతో కట్టండి. రాయి బరువుగా ఉంటుంది కాబట్టి ఒకరు ఎత్తాలి, ఒకరు కొలవాలి. కింది చోటును గుర్తించడానికి దారానికి చిన్న రాయి కట్టి పై అంచు నుండి వేలాడదీయండి. దారం చూపిన చోట సుద్దతో గీత పెట్టండి.

మూడు సార్లు చేయండి. మూడు సార్లూ ఒకే ఎత్తు రాదు, రావాలని చూడకండి. ఉదాహరణకు ఎత్తు 35, 36, 34 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. సగటు 35. ఆధారం 48.7. అప్పుడు ఘర్షణ గుణకం 35 ÷ 48.7 = 0.72. (ఇవి లెక్క నేర్పడానికి ఇచ్చిన అంకెలు. మీ రాయికి, మీ చెప్పుకు వేరుగా వస్తాయి.)

ఆధారం బదులు పలక పొడవుతో భాగించడం పరీక్షల్లో తరచు కనబడే పొరపాటు. కోణం తక్కువగా ఉన్నప్పుడు తేడా తెలియదు. ఎత్తు 20, పొడవు 100 అయితే పొడవుతో భాగిస్తే 0.20, ఆధారంతో భాగిస్తే 0.204. కాని ఎత్తు 50 అయితే పొడవుతో 0.50 వస్తుంది, సరైన జవాబు 0.58.

ఉప్పు ప్యాకెట్టు ఎందుకు కట్టాం? భారం కొట్టివేత అయితే అది అనవసరం కదా! చెక్క, లోహం వంటివాటికి అది నిజమే. రబ్బరు కొంచెం మొండిది. అది మెత్తగా ఉండి, నొక్కే కొద్దీ రాతి మీద పరుచుకొంటుంది. భారం పెరిగే కొద్దీ దాని ఘర్షణ గుణకం కొంత తగ్గుతుంది. అంటే అమాంటన్స్ నియమాన్ని రబ్బరు పూర్తిగా పాటించదు. ఉత్త చెప్పును పెట్టి కొలిస్తే మనిషి కాలి కింద ఉన్నప్పటి కంటే ఎక్కువ అంకె రావచ్చు. ఒక కిలో మనిషి బరువుకు సాటి కాదు, కాని ఏమీ లేకపోవడం కంటే మేలు.

9.6 తడి నేల మీద కొలత

అసలు విషయం ఇక్కడ ఉంది. పొడి మెట్టు మీద సాధారణంగా ఎవరూ జారరు. కాబట్టి పొడి కొలత మనకు ధైర్యం చెబుతుందే గాని జాగ్రత్త చెప్పదు. తడిపి కొలవాలి.

రాతి మీద నీళ్లు చల్లి, చెప్పు పెట్టి, ఇందాకటి లాగే ఎత్తండి. ఒక్కోసారి మీరు ఆశ్చర్యపోతారు. తడిలో కూడా చెప్పు పొడిలో లాగే అంటుకొని ఉంటుంది! కొన్నిసార్లు ఇంకా గట్టిగా పట్టుకొంటుంది. తడి వల్ల ప్రమాదం లేదని దీని అర్థమా? కాదు. చెప్పు కదలకుండా కూర్చొని ఉన్నంత సేపు దాని కింద ఉన్న నీరు మెల్లగా పక్కకు పోతుంది. చివరకు రబ్బరు రాతిని తాకి, అతుక్కొంటుంది. కాని నడిచే మనిషి మడమ రాతి మీద కూర్చొని ఉండదు. అది వేగంగా వచ్చి తగులుతుంది. నీరు పక్కకు పోయేందుకు సమయం దొరకదు. నీటి పొర మీదనే మడమ జారిపోతుంది. కదలని చెప్పు ఇచ్చిన అంకె నడిచే కాలికి వర్తించదన్నమాట.

కాబట్టి తడి నేల మీద జారుడు ఘర్షణను కొలవాలి. దీనికి పలక పద్ధతిలోనే చిన్న మార్పు చాలు. పలకను కొద్ది కొద్దిగా ఎత్తుతూ, ప్రతి ఎత్తు వద్దా చెప్పును వేలితో తట్టండి. ఎత్తు తక్కువైతే చెప్పు కాస్త జరిగి ఆగిపోతుంది. ఎత్తు ఎక్కువైతే వేగం పెంచుకొంటూ పోతుంది. ఒక ఎత్తు వద్ద తట్టగానే బయలుదేరి, వేగం పెంచకుండా, ఆగకుండా ఒకే తీరుగా జారుతుంది. ఆ ఎత్తును కొలిచి ఆధారంతో భాగిస్తే జారుడు ఘర్షణ గుణకం వస్తుంది. ప్రతిసారీ కొత్తగా నీళ్లు చల్లండి.

ఇలా చేసినప్పుడు మంచినీళ్లతో ఎత్తు 17, ఆధారం 57.5 వచ్చిందనుకొందాం. గుణకం 0.30. సబ్బునీళ్లతో ఎత్తు 8.5, ఆధారం 59.4 వస్తే గుణకం 0.14. చెప్పు అదే, రాయి అదే. మారింది మధ్య ఉన్న ద్రవం మాత్రమే.

ఈ అంకెలను దేనితో పోల్చాలి? సమతల నేల మీద మామూలుగా నడిచేటప్పుడు కాలు నేలను ముందుకు తోసే బలం, కిందికి నొక్కే బలంలో సుమారు అయిదో వంతు ఉంటుంది. అంటే సుమారు 0.2 గుణకం ఉంటే నడక సాగుతుంది. పరుగెత్తితే, చటుక్కున మలుపు తిరిగితే, బరువు మోస్తే ఇంకా ఎక్కువ కావాలి. మన ఉదాహరణలో మంచినీళ్ల తడి మీద మెల్లగా నడవవచ్చు. సబ్బునీళ్ల మీద నడవకూడదు. మెట్లు కడిగేవారు సబ్బు వేశాక మంచినీళ్లు ఎక్కువగా పోసి, గుడ్డతో తుడిచేదాకా పైవాళ్లను ఆగమనడానికి కారణం ఇదే. వారి మాట వినని వారే ఎక్కువ!

వృత్తిగా ఈ పని చేసేవారు లోలకం వంటి పరికరం వాడతారు. దాని చేతి చివర రబ్బరు ముక్క ఉంటుంది. చేయిని పై నుండి వదిలితే రబ్బరు తడి నేలను రాసుకొంటూ ఊగి అవతలి వైపు లేస్తుంది. ఘర్షణ ఎక్కువైతే తక్కువ లేస్తుంది. రోడ్ల ఉపరితలాలను, నేలలను దీనితో పరీక్షిస్తారు. బ్రిటన్‌లో తడి నేల మీద ఈ పరికరం 36 గాని అంతకు ఎక్కువ గాని చూపిస్తే జారే ప్రమాదం తక్కువని, 24 లేక అంతకు తక్కువైతే ప్రమాదం ఎక్కువని లెక్కిస్తారు. మడమ తగిలే తీరును ఇది అనుకరిస్తుంది. మీరు వేలితో తట్టడం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే.

9.7 గేటు ముందు వాలు

ఇరుకు వీధుల్లో స్కూటర్లు లోపలికి ఎక్కించడానికి గేటు ముందు పొట్టి వాలు కడతారు. చోటు లేక అది నిటారుగా ఉంటుంది. ఎత్తు 30 సెంటీమీటర్లు, ఆధారం 120 సెంటీమీటర్లు అనుకోండి. 30 ÷ 120 = 0.25. ఇదివరకు పలకను మనం ఎత్తాం, ఇక్కడ మేస్త్రీ ఎత్తి వదిలేశాడు. అంతే తేడా.

ఈ వాలుకు కూడా అదే నునుపు రాయి వేశారనుకొందాం. దాని మీద ఊరికే నిలబడడానికే 0.25 కావాలి. సబ్బునీళ్లలో మీ చెప్పుకు ఉన్నది 0.14. నిలబడినవాడు నిలబడినట్టే జారిపోతాడు. వాన నీళ్లలో 0.30 ఉంది కాబట్టి నిలబడగలడు. కాని దిగుతూ నడవాలంటే వాలుకు కావలసిన 0.25తో పాటు నడకకు 0.2 కూడా కావాలి. 0.45కు తక్కువైతే చాలదు. వానలో నిలబడగలిగినవాడు అడుగు వేయగానే పడతాడు. అందుకే ఇలాంటి వాలులకు మెరుగు రాయి వేయకూడదు. అడ్డగీతలు కొట్టిన సిమెంటు గాని, మెరుగు పెట్టని గరుకు రాయి గాని వేయాలి. ఇప్పటికే వేసి ఉంటే గరుకు పట్టీలు అతికించాలి. ఇల్లు అద్దెదైతే ఇంటి యజమానిని అడగవలసిందే. “జారుతోందండీ” అని చెప్పడం కంటే “వాలు 0.25, తడి చెప్పు 0.30, చాలడం లేదండీ” అని కాగితం మీద చూపిస్తే మాటకు బరువు ఉంటుంది.

ఈ ప్రయోగాన్ని వాలు మీద నిలబడి చేయకండి. రాతి ముక్క మీద, చెప్పుతోనే చేయండి. అయిపోయాక నేల మీది సబ్బునీళ్లు తుడిచేయండి.

పాఠ్యగత ప్రశ్నలు 9.2

1. 50 సెంటీమీటర్ల పలక మీద చెక్క దిమ్మ ఉంది. ఎత్తు 30, ఆధారం 40 సెంటీమీటర్లు అయినప్పుడు దిమ్మ జారడం మొదలుపెట్టింది. ఘర్షణ గుణకం ఎంత?

2. అదే దిమ్మ మీద అంతే బరువున్న ఇంకో దిమ్మను కట్టి మళ్లీ చేస్తే ఏ ఎత్తు వద్ద జారుతుంది?

3. ఒక చెప్పుకు మీ మెట్టు మీద పొడిలో 0.8, తడిలో 0.2 వచ్చింది. ఇంకో చెప్పుకు పొడిలో 0.6, తడిలో 0.4 వచ్చింది. వానాకాలానికి ఏది కొంటారు? ఎందుకు?

4. తడి రాతి మీద చెప్పును అయిదు నిమిషాలు ఉంచి, తట్టకుండా పలక ఎత్తితే 0.7 వచ్చింది. ఈ అంకెను నమ్మి మెట్లు దిగవచ్చా?

పాఠ్యగత ప్రశ్నలకు సమాధానాలు

9.1
1. సీమాంత ఘర్షణ రెట్టింపవుతుంది. గుణకం మారదు.
2. కదలబోయేటప్పటి సీమాంత ఘర్షణ కంటే జారుడు ఘర్షణ సాధారణంగా తక్కువ.

9.2
1. 30 ÷ 40 = 0.75. (30 ÷ 50 = 0.6 అని రాసినవారు 9.5 భాగం మళ్లీ చదవండి.)
2. అదే ఎత్తు వద్ద, అంటే 30 సెంటీమీటర్ల దగ్గర. భారం కొట్టివేత అవుతుంది.
3. రెండోది. తడిలో దానికి 0.4 ఉంది. మొదటి చెప్పుకు ఉన్న 0.2 సమతల నేల మీద మామూలు నడకకే అంతంత మాత్రం. పొడిలో రెండూ చాలినంత ఉన్నాయి కాబట్టి అక్కడి తేడాను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.
4. దిగకూడదు. అయిదు నిమిషాల్లో చెప్పు కింది నీరు పక్కకు పోయింది. తట్టి, జారుడు ఘర్షణను కొలిచి చూడాలి.